ఆదెన్నకు పెట్టిన కళ్లపెట్టె

యాడికి ఊరి సంతలో నన్ను ఎరగనోడు ఉండాడంటే వాడు ఆ పొద్దే పుట్టింటాడు, లేదంటే వానికి చెవుడన్నా ఉండాల. ఎలకల మందు అమ్మినా, దువ్వెన్లు అమ్మినా, మోకాళ్ల నొప్పుల నూనె అమ్మినా. మోకాళ్ల కింద కాళ్లే లేని ఒకాయప్ప నా మాట ఇని రెండు సీసాలు కొనుక్కోని పోయినాడు. నవ్వుతాండావా? నవ్వప్పా. ఇప్పుడే నవ్వాల. రోంతసేపు అయినాక నవ్వేది నీ చేతుల్లో ఉండదు.

చదువంటావా? రెండో తరగతి దాకా పోయినా. అయివారు నాతో వాదులాడి వాదులాడి గొంతు పోగొట్టుకోని, నన్ను ఇంటికి తరిమినాడు. ఆ నోరు చూసే సందీప్ నన్ను పట్టుకున్న్యాడు.

సందీప్‌ది అనంతపురంలో సెల్లుల అంగడి. ఇంజనీరింగు చదివిన పిల్లోడు. ఆ యేడు ముఖానికి బిగిచ్చుకునే పెట్టెలు తెప్పిచ్చినాడు. ఆయప్ప దాన్ని హెడ్‌సెట్ అంటాడు, సంతలో జనమంతా కళ్లపెట్టె అన్న్యారు. అది పెట్టుకుంటే నీ ఇల్లు నీకు కనపడతానే ఉంటాది, ఆ ఇంట్లోనే ఒక ఏనుగు గూడా నిలబడింటాది. నిజమూ అబద్దమూ ఒకే ముద్దలో కలిపినట్ల. దాని రేటు మాత్రం నన్ను అడగొద్దు. చెప్తే నన్నే కొడతావు.

"అన్నా, సెల్లు వచ్చిన కొత్తల్లో గూడా జనం ఇట్లే అన్న్యారు. మనకెందుకు అన్న్యారు. ఇప్పుడు గొర్రెలు కాసేటోని చేతిలో గూడా ఉండాది. ఇదీ అంతే. నువ్వు ఊర్లు తిప్పి చూపిచ్చు, చాలు" అన్న్యాడు సందీప్.

తిప్పినా. రాప్తాడులో చూపిచ్చినా, గోరంట్లలో చూపిచ్చినా, యాడికి సంతలో వారం వారం గొడుగేసుకోని కూచున్న్యా. చూసేదానికి మాత్రం ఎగబడి వస్తారు. "ఓయమ్మా!" అంటారు. గాల్లో చేతులాడిస్తారు. ఒకాయప్ప కడుపునిండా బోండాలు తినొచ్చి, లోపల కొండ మీద నుంచి కిందికి చూసి, నా గొడుగు మీదే కక్కినాడు. అంతా అయినాక తీసి నా చేతిలో పెడతారు, చెమట తుడుచుకుంటారు, పోతారు. కొనేటోడు ఒక్కడు లేడు.

అదేంటికో ఇంజనీరుకు అర్థం కాలేదు. టమేటాలు అమ్మే గంగాదేవి ఒక్క మాటలో తేల్చేసింది.

"టీవీ తెస్తే ఇంటిల్లిపాదీ చూస్తాము. ఇది తెస్తే ఒకడు చూస్తాడు, మిగతావోళ్లు వాన్ని చూడాల. పిచ్చోన్ని చూసేదానికి దుడ్లెవరిస్తారప్పా?"

అదీ గాక మా ఎండలు చూసినావు కదా. తలకు నూనె, నుదుటికి కుంకుమ, వెనక కొప్పు. దీన్ని యాడ బిగిచ్చేది? ముఖానికి కట్టుకున్న రోంతసేపటికే లోపల చెమట కుండ పగిలినట్ల కారతాది.

ఒక్క ఆదెన్న మాత్రం వారం తప్పకుండా వచ్చేవాడు.

యాడికి అవతల పల్లె వాళ్లది. చెనిక్కాయ పండిచ్చేటోడు. పండిచ్చేటోడంటే, విత్తనమేసి మబ్బు దిక్కు చూసేటోడు అని. చేనులో యాడ కాలు పెట్టినా ఒక ఎండిన బోరే, పైన పిల్లోళ్లు పడకుండా ఒక బండరాయే. నా కళ్లపెట్టెలో ఒక బొమ్మ ఉండాది. చుట్టూ కొండలు, నడుమ నీళ్లు. కంటికి ఆనేంత దూరమూ నీళ్లే. పెట్టె పక్కన చిన్న మర ఉంటాది. తిప్పేకొద్దీ నీళ్లు పైకొస్తాయి, నీ చుట్టూ ఉండేదంతా మునిగిపోతాది.

"పూర్తిగా తిప్పెయ్ తిప్పేస్వామీ. ఈ సంత నాకు కనపడొద్దు" అనేవాడు.

చెప్పులు తీసి పక్కన పెట్టేవాడు. పంచె మోకాళ్ల దాకా మడుచుకునేవాడు, తడుస్తాదేమో అని. ఊరికే చూస్తా కూచునేవాడు. ఆయప్ప చూసేదంతా నా సెల్లులో గూడా కనపడతాది, ఎడమకు తిరుగు కుడికి తిరుగు అని చెప్పేదానికి అట్ల కలిపిపెట్టుకునింటి. ఇంగొకటి చెప్పాల. ఎంత నీళ్లలో మునిగినా, మనిషి దగ్గరికొస్తే మాత్రం ఆ మనిషి ఆకారం పొగ మాదిరి నీళ్లలో నుంచి తేలతాది. గుద్దుకోకుండా కంపెనీవోళ్లు చేసిన ఏర్పాటు. ఒకసారి ఆదెన్న పెండ్లాము కదిరమ్మ వదిన ఆయప్పను పిలుచుకోని పోయేదానికి వచ్చింది. ఆయప్ప ఉలిక్కిపడినాడు.

"చూస్తివా అన్నా? స్వర్గానికి పోయినా పెండ్లాము తప్పలేదు" అన్న్యా. సంతంతా నవ్వినారు. వదిన నవ్వలేదు.

ఆ ఎండాకాలంలోనే ఒక పొద్దున ఇద్దరికీ మాట పెరిగినాది. ఇంట్లో బిందె ఎండిపోయిండాది. ట్యాంకరు రాలేదు. "పో, సంతకు పోయి నీ అబద్దం నీళ్లు చూసుకోని రా, వాటితోనే సంగటి గెలుకుతా" అనింది వదిన. ఆయప్ప కలుపుకున్న ముద్ద తట్టలోనే వదిలేసి లేసిపోయినాడు. సంతకు రాలేదు. మిట్టమధ్యాన్నం ఎవరో గొర్రెలోళ్లు చూసినారు. చేను నడిమధ్యలో కూచున్నోడు కూచున్నట్లే పోయిండాడు. ఎండదెబ్బ అన్న్యారు.

పంచె మోకాళ్ల దాకా మడిచిండాది. చెప్పులు పక్కన పెట్టిండాయి.

మా దిక్కు పెద్దల అమావాస్య ఎట్ల చేస్తారో తెలుసు కదా? పోయినోళ్లకు ఇష్టమైనవన్నీ చేసి, ఆకేసి, దీపం పెట్టి, అందరూ బయటికొచ్చి తలుపు మూసేయాల. పెద్దలు వచ్చి తినిపోతారు. వాళ్లు తినేది మనం చూడకూడదు. మళ్ల తలుపు తీసేటప్పుడు గూడా దగ్గి, తట్టి, ఆగి తీయాల. ఆదెన్న పోయిన యేడు కదిరమ్మ వదిన అట్లే చేసింది. తలుపు తీస్తే ముద్ద ముద్ద మాదిరే ఉన్న్యాది. బయట పెడితే కాకి గూడా ముట్టలేదు.

మరుసటి యేడు అమావాస్య ముందర సంతకొచ్చింది. గొడుగు కింద నిలబడింది, కూచోమన్నా కూచోలేదు.

"ఏమప్పా తిప్పేస్వామీ, ఆ కళ్లపెట్టె ఒక పూట ఇస్తావా?"

"ఏంటికి వదినా?"

"ఆయప్పకు పెట్టేదానికి."

కళ్లపెట్టె తుడిచే గుడ్డ కింద పెట్టేసినా. ఆయమ్మే మళ్ల మాట్లాడింది.

"తినకుండా లేసిపోయినాడు. నేను అన్న మాటకు లేసిపోయినాడు. ఆకలితోనే తిరుగుతాండాడు యాడో. సంగటికి రాకపోయినా దాని కోసమైతే వస్తాడు. ఒక్క ముద్ద తినిపోతే చాలప్పా నాకు. ఇంగేమీ అడగను."

సందీప్‌కు ఫోన్ చేస్తే నెత్తి కొట్టుకున్న్యాడు. "దాని మీద పసుపు నీళ్లు చల్లుతారా అన్నా? పాడైతే జవాబెవరు చెప్తారు?" అన్న్యాడు. కడాకు తనే దాన్ని ఒళ్లో పెట్టుకోని నాతోపాటు బండెక్కినాడు. చూడు ఎట్లుండాదో! ఇన్ని ఊర్లు తిప్పినా ఒక్క గడప లోపలికి ఎవరూ రమ్మనలేదు ఆ పెట్టెను. మొదటిసారి బొట్టు పెట్టి లోపలికి తీసుకుపోయింది చచ్చినోనికి పెట్టేదానికి.

ఒకటే గది, ఒకటే తలుపు. ఆకులో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, కోడికూర, వడలు. పక్కన కొత్త పంచె, బీడీ కట్ట, చిన్న బ్రాందీ సీసా. మా వాళ్లు పెద్దలకు పెట్టేటప్పుడు అన్నీ తయారు చేసే పెడతారు. వదిన సీసా మూత తీసింది. ఒక బీడీ అంటిచ్చి ఆకు అంచున పెట్టింది. మళ్ల నా దిక్కు చూసింది.

"దాన్ని గూడా ఆన్ చేసి పెట్టప్పా. ఆయప్పకు నొక్కేది రాదు."

మేము చేసిన తప్పు అదే. అప్పుడు అది తప్పనిపియ్యలేదు. మూత తీయని సీసా పెడితే ఎట్ల తాగుతాడు? ఇదీ అంతే కదా అనుకుంటి. ఆన్ చేసినా. నీళ్ల బొమ్మ తెరిచినా. కొత్త పంచె మీద పెట్టినా. ముఖానికి తగిలితేనే అది మేలుకుంటాది, తీసేస్తే నిద్రపోతాది. నా సెల్లులో తెర నల్లగా అయిపోయింది.

తలుపు నేనే మూసినా.

పొద్దు గూకతాండాది. అరుగు మీద ముగ్గురమూ కూచున్న్యాము. కరెంటు పోయింది. గుట్ట మీద గాలిమరలు గుమ్ గుమ్ మని తిరుగుతాండాయి, వాటి ఎర్రలైట్లు ఒకటొకటిగా వెలుగుతాండాయి. గాలిలో ఎండు దుమ్ము వాసన. తలుపు సందులో నుంచి బీడీ పొగ, నువ్వుల నూనె, కోడికూర... సందీప్ కడుపు గుర్ర్ మనింది. నేను ఎగతాళి చేయబోయినా.

జోబులో సెల్లు వెచ్చగా తగిలింది.

తీసి చూసినా. తెర వెలుగుతాండాది.

లోపల గది. దీపం. ఆకు. కూచున్న మనిషి కండ్ల ఎత్తులో నుంచి చూసినట్ల...

"సెన్సారు అన్నా..." సందీప్ నా చెవిలో అన్న్యాడు. "గుడ్డ తగిలింటాది."

"గుడ్డ లేసి కూచుంటాదా అప్పా?"

ఆ చూపు మెల్లగా కిందికి దిగింది. నేల మీద నీళ్లు పరుచుకుంటాండాయి. దీపం నీడ ఆ నీళ్లలో పడి అల్లాడతాండాది. సందీప్ నా మోచెయ్యి పట్టుకున్న్యాడు.

"ఇది... ఇది ఇట్ల చెయ్యదన్నా. నిజం దీపం నీడ బొమ్మ నీళ్లలో పడదు. దీనికి అంత శక్తి లేదు."

కదిరమ్మ వదిన మా ఇద్దరి ముఖాలూ చూసింది.

"వచ్చినాడా?"

నేను తలూపినా. ఆయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది.

"తింటాండాడా?"

తినడంలేదు. ఆకు దిక్కు గూడా చూడడంలేదు. టిక్... టిక్... మర తిరిగే శబ్దం సెల్లులో వినపడతాండాది. ఎవరో తిప్పుతాండారు. నీళ్లు పైకొస్తాండాయి. బీడీ కట్ట మునిగింది. సీసా మునిగింది. ఆకు... సంగటి ముద్ద నీళ్ల కింద నల్లగా కనపడి, పోయింది. గోడ పోయింది. ఇంగ అంతా నీళ్లే. కొండలు, నీళ్లు. చూపు కదలడంలేదు.

వదిన లేసి తలుపుకు ముఖం ఆనిచ్చింది.

"యోవ్... ముందు తిను. మళ్ల చూద్దువు. నీళ్లు యాడికి పోతాయి? ఒక్క ముద్ద తిను..."

చూపు కదల్లేదు. సచ్చి గూడా ఆ మనిషి పెండ్లాము మాట ఇనలేదు చూడు. అయితే ఆ మాటకు ఇంగేదో కదిలింది. ఎడమ పక్క నీళ్లలో నుంచి ఒక ఆకారం తేలింది. పొగ మాదిరి. దాని వెనక ఇంగొకటి. కుడిపక్క ఒకటి...

"అన్నా." సందీప్ గొంతు పిల్లోని గొంతు మాదిరి అయిపోయింది. "దగ్గర మనిషి ఉంటేనే అట్ల కనపడతాది."

"తెలుసు."

"గదిలో ఎవరూ లేరు కదన్నా."

"తెలుసప్పా!"

అవి నీళ్లు చూసేదానికి రాలేదు. నీళ్ల కింద ఆకు ఉండే చోటికి వచ్చినాయి. వంగినాయి. తలలు ఆడిస్తాండాయి, అయితే ముట్టుకోలేదు... ఎవరో తీసి పెట్టేదాని కోసం చూసినట్ల.

అప్పుడే తలుపు కింద నుంచి కాలిన వత్తి వాసన వచ్చింది. సందులో చీకటి. లోపల దీపం ఆరిపోయింది. సెల్లులో మాత్రం వెలుగు ఇంకా ఉండాది.

నేను చిరతపులి ముందర మైకు పట్టుకోని నిలబడి దాన్ని గుట్ట ఎక్కిచ్చినోన్ని. నమ్మకపోతే నీ ఖర్మ. ఆ నోరు ఆ పొద్దు పనిచెయ్యలేదు. "వదినా, వద్దు" అనేదానికి గూడా రాలేదు. ఆయమ్మ దగ్గలేదు. తట్టలేదు. గడియ తీసింది.

"తినిపిస్తే తింటాడు" అనింది. "మీరు రావద్దండి. ఆయప్పకు సిగ్గు."

లోపలికి పోయి తలుపు మూసుకునింది.

సెల్లులో... నీళ్లలో నుంచి వదిన ఆకారం తేలింది. తడుముకుంటా వచ్చి కూచునింది. నీళ్ల కిందికి చెయ్యి పెట్టి, ముద్ద తీసింది. ఆ చీకట్లో ఆయమ్మకు ఏమీ కనపడదు. తలుపు అవతల నుంచి మాట మెల్లగా వినపడతాండాది.

"యాడుండావు? ఇంగ కోపమేంటికి... ఆ... నోరు తెరువు..."

చెయ్యి చాచింది. మా దిక్కు గాదు. మేము చూస్తాండేది ఆదెన్న కండ్లలో నుంచి కదా, ముద్ద మా మీదికి రావాల. రాలేదు. చెయ్యి పక్కకు పోయింది. కిందికి పోయింది. ఆడ వంగిండే ఆకారం ముందుకు జరిగింది...

"తిను. మెల్లగా తిను. ఇంగొకటి... ఇంగొకటి తిను నా సామీ..."

ఆయమ్మ నవ్వుతాండాది. ఏడుస్తా నవ్వుతాండాది. ఒక్కొక్క ముద్దకు ఒక్కొక్క ఆకారం ముందుకొస్తాండాది. ఆదెన్న చూపు మాత్రం ఒక్కసారి గూడా అటు తిరగలేదు. పక్కనే పెండ్లాము ఎవరికి తినిపిస్తాండాదో చూడలేదు. నీళ్ల దిక్కే... నీళ్ల దిక్కే...

తెర నల్లబడింది.

తలుపు తెరుచుకునింది. కదిరమ్మ వదిన గడప మీద నిలబడింది. ఆ ముఖం నేను అంతకుముందు చూడలేదు. పెండ్లినాడు అట్ల ఉండిందేమో.

"తినినాడప్పా" అనింది. "అంతా తినినాడు. ఆకు నాకినట్ల తినినాడు."

టార్చి వేసి చూసినా. ఆకులో మెతుకు లేదు. కళ్లపెట్టె నేను పెట్టిన చోటనే, పంచె మీద, పెట్టినది పెట్టినట్లే ఉండాది. పట్టీ గూడా కదల్లేదు. సందీప్ దాన్ని పట్టీ కొసన మాత్రమే పట్టుకోని ఎత్తినాడు. నా దిక్కు చూసినాడు. నేను వాని దిక్కు చూసినా. కాళ్లు లేనోనికి మోకాళ్ల నూనె అమ్మినోన్ని నేను. ఆయమ్మకు ఒక్క మాట చెప్పలేకపోయినా.

ఏమని చెప్పాల? నీ మొగుడు వచ్చినాడమ్మా, అయితే నీ కోసం గాదు, నీ సంగటి కోసం గాదు అని చెప్పాలనా?

సందీప్ ఆ పెట్టెలన్నీ కంపెనీకి వాపసు పంపిచ్చినాడు. ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముకుంటాండాడు. "జనం అలవాటు పడలేదన్నా" అంటాడు ఎవరన్నా అడిగితే. యాడ పడతారప్పా? బతికినోనికి పెండ్లాము కనపడాల, పిల్లోడు కనపడాల, చేనులో పడిన గొర్రె కనపడాల. కండ్లకు అడ్డం కట్టుకోని కూచుంటే జరగదు. ఏమీ కనపడొద్దు అనుకునేటోడు ఒక్కడే దొరికినాడు మాకు. వాడు గూడా కొనలేదు.

నేను మళ్ల ఎలకల మందుకొచ్చినా.

మొన్న సంతలో కదిరమ్మ వదిన కనపడింది. రాగుల మూట నెత్తిన పెట్టుకోని పోతాండాది. మనిషి చిక్కిపోయింది గానీ ముఖంలో కళ ఉండాది. అదేందో, సంతోషం మనిషిని అట్ల తినేస్తాదని నాకు తెలీదు.

"ఏం వదినా, ఒక్కదానివి, ఇన్ని రాగులు ఏంటికి?"

"ఒక్కదాన్ని అంటావేందప్పా? ప్రతి అమావాస్యకూ వస్తాండాడు ఆయప్ప. ఇప్పుడు మీ పెట్టె గూడా అక్కర్లేదు. దీపం ఆర్పి కూచుంటే చాలు. ఆకలి పెరిగినాది, పొంతకుండ నిండా సంగటి గెలికినా చాలడంలేదు."

"ఏమన్నా మాట్లాడతాడా?"

"మాట్లాడేదానికి నోరు యాడ ఖాళీ? అంత తొందర! ముద్ద నోటి దాకా పోనీడు. చూడు ఎట్ల కొరికినాడో!"

నవ్వుతా చెయ్యి నా ముందర పెట్టింది. గొడుగు నీడలో నుంచి ఎండలోకి జరిపి చూసినా. వేళ్ల మీద, అరచేతి అంచున, మణికట్టు దాకా పండ్ల గాట్లు. కొన్ని మానినాయి. కొన్ని పచ్చిగా ఉండాయి.

అన్నీ చిన్నవి. బియ్యపుగింజలు పేర్చినట్ల దగ్గర దగ్గరగా ఉండాయి. పాలపండ్లవి.